"నా స్వభావమే అంత" అనవచ్చా?

*ఈ శుక్రవారపు ధ్యానం*
చదవవలసిన వాక్యభాగం: అపొస్తలుల కార్యములు 15:36–41

డ్యూటీ ముగించుకుని మంచం మీద వాలి ఇది చదువుతున్న తమ్ముళ్లకూ, వంటింట్లో మేడమ్ పిలుపుల మధ్య రెండేసి లైన్లుగా చదువుకునే అక్కచెల్లెళ్లకూ ప్రభువు విశ్రాంతి దయచేయును గాక.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుని మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం కువైట్‌లో ఒక ఫ్లాట్‌లో మా ప్రార్థన కూడిక జరిగేది. నడిపించే బాధ్యత నాది. శుక్రవారం ఉదయం 9 గంటలంటే 9 గంటలకు మొదటి పాట ఎత్తాలి. అది నా పద్ధతి. హౌస్ డ్రైవర్‌గా పనిచేసే ఒక తమ్ముడు వరుసగా మూడు వారాలు ఆలస్యంగా వచ్చాడు. మూడో వారం అందరి ముందే అనేశాను: "కఫీల్ దగ్గరికి కూడా ఇలాగే లేటుగా వెళ్తావా తమ్ముడూ? దేవుడంటే అంత లోకువైపోయాడా?" అతను తల వంచుకుని చివర కూర్చున్నాడు. తరువాతి వారం రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు.

అతని రూమ్మేట్ చెబితే తెలిసింది. గురువారం రాత్రంతా యజమాని ఇంటివాళ్లను తిప్పి, తెల్లవారాక కారు పెట్టేసి, రెండు బస్సులు మారి వచ్చేవాడట. నిద్ర మానుకుని వచ్చేవాణ్ణి నేను నలుగురిలో నిలబెట్టాను.

"నేను ముక్కుసూటి మనిషిని, నా స్వభావమే అంత. మనసులో ఏమీ పెట్టుకోను" అని సర్దిచెప్పుకోబోయాను. మా కూడికలో పెద్దావిడ, ఇరవై ఏళ్లుగా ఇళ్లలో పనిచేస్తున్న అక్క, మెల్లగా అంది: "నిజమే అన్నా, మీ మనసులో ఏమీ ఉండదు. ఉన్నదంతా ఆ పిల్లాడి మనసులోకి వెళ్లిపోయింది కదా."

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఈ వారం ధ్యానం ఆ మాట నుండే పుట్టింది.

*దేవుడే ఇలా చేశాడు కదా?*

ప్రశ్న చిన్నదేమీ కాదు. నన్ను తల్లిగర్భంలో రూపించినవాడు దేవుడే అయితే నా కోపం, నా తొందర, నా మెతకదనం, నా భయం కూడా ఆయన ఇచ్చినవే కదా? మరి వాటికి నేనెలా లెక్క చెప్పాలి?

ఈ మధ్య మన గ్రూపుల్లో "మీరు ఏ రకం నాయకులు?" అని ఒక పరీక్ష తిరుగుతోంది. ఉత్సాహవంతుడు, పట్టుదల మనిషి, లోతుగా ఆలోచించేవాడు, శాంతపరుడు అని నాలుగు రకాలు. ఇది వాక్యంలోది కాదు. మన ఊళ్లలో వైద్యులు వాతం, పిత్తం, కఫం అన్నట్టే, పూర్వం గ్రీకు వైద్యులు ఒంట్లోని నాలుగు ద్రవాలను బట్టి మనిషి తత్వాన్ని లెక్కకట్టేవారు. ఆ వైద్యం ఏనాడో పోయింది, ఆ నాలుగు రకాలు మిగిలిపోయాయి. 1966లో టిమ్ లాహే అనే అమెరికా పాస్టరు వీటి మీద ఒక పుస్తకం రాయడంతో సంఘాల్లో బాగా ప్రచారమయ్యాయి.

మన ముఖం మనం చూసుకోవడానికి అద్దంలా వాడుకుంటే తప్పు లేదు. కానీ ఆ ఫలితం చూసి "నాది పట్టుదల రకం, అందుకే అరుస్తాను" అంటే మాత్రం, అద్దం చూసుకుని మొహం కడుక్కోకుండా వెళ్లిపోయినట్టే.

*పౌలు, బర్నబా*

పౌలు గురి చూసుకుని నడిచే మనిషి. పని ఆగకూడదు. బర్నబా మనిషిని చూసి ఆగే మనిషి. ఆయన అసలు పేరు యోసేపు. అపొస్తలులు బర్నబా అని పేరు పెట్టారు, హెచ్చరిక పుత్రుడని అర్థం. ఇక్కడ హెచ్చరిక అంటే బెదిరింపు కాదు, దగ్గరికి తీసుకుని ధైర్యం చెప్పడం.

మొదటి ప్రయాణంలో మార్కు అనే యువకుడు పంఫూలియలో వాళ్లను విడిచి వెళ్లిపోయాడు. రెండో ప్రయాణానికి అతన్ని మళ్లీ తీసుకెళదామన్నాడు బర్నబా. వద్దన్నాడు పౌలు. మాట ఎంత పెరిగిందంటే ఇద్దరు దైవజనులూ విడిపోయారు. బర్నబా మార్కును వెంటబెట్టుకుని ఓడెక్కి కుప్రకు పోయాడు. పౌలు సీలను తీసుకుని సిరియ, కిలికియల మీదుగా వెళ్లాడు.

ఎవరిది న్యాయం? లూకా తీర్పు రాయలేదు. మధ్యదారిలో వదిలేసి వెళ్లేవాణ్ణి నమ్ముకుని ప్రమాదకరమైన ప్రయాణం ఎలా చేస్తాం? పౌలు మాటలో న్యాయం ఉంది. అయితే ఒకనాడు యెరూషలేములో శిష్యులందరూ సౌలును చూసి భయపడితే, చెయ్యిపట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లింది ఎవరు? ఈ బర్నబాయే. మార్కు విషయంలో పౌలుకు అడ్డుగా అనిపించిన ఆ మెత్తని స్వభావమే ఒకప్పుడు పౌలుకు తలుపు తెరిచింది.

*మెతకదనానికీ ఖరీదు ఉంది*

అయితే శాంతపరులందరూ మంచి నాయకులనీ, గట్టివాళ్లు చెడ్డవాళ్లనీ అనుకోవద్దు. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం చూడండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ చేస్తూ, కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు. బర్నబా కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడు. ఎవరినీ నొప్పించలేని మనిషి ఆ రోజు అన్యజనులైన విశ్వాసులందరినీ నొప్పించాడు. అప్పుడు ఎదురు నిలబడి మాట్లాడింది పౌలు. ఆ రోజు సంఘానికి ఆ గట్టిదనమే కావాల్సి వచ్చింది.

మనలోనూ ఇది చూశాను. వేరే కూడికలో ఒకతను వీసా ఇప్పిస్తానని అక్కల దగ్గర డబ్బులు పోగుచేస్తున్నాడు. నాయకుడికి అనుమానం వచ్చింది. చాలా మంచి మనిషి, గట్టిగా మాట్లాడటం తెలియదు. "గొడవెందుకు, ప్రార్థన చేద్దాం" అన్నాడు. నెలల జీతం పోయాక అక్కలు ఏడుస్తుంటే ఆయన కూడా ఏడ్చాడు. ఆయన కన్నీళ్లు నిజమైనవే. కానీ ఆయన శాంతానికి ఖరీదు కట్టింది ఆ అక్కలు.

నాకు అర్థమైంది ఇంతే. *స్వభావం పాపం కాదు. కానీ నా స్వభావం ఖరీదు వేరొకరు కడుతున్నారని తెలిసీ మారకపోతే, అది నా లెక్కలో పడుతుంది.* నాయకుడికి ఇది మరింత వర్తిస్తుంది. ఎందుకంటే అతని కింద ఉన్నవాళ్లు ఎదురు చెప్పరు. మన సంగతే చూడండి. ఆరు రోజులు ఫోర్‌మన్ మాట, మేడమ్ మాట పడి, ఏడో రోజు ప్రభువు సన్నిధికి వస్తాం. అక్కడ కూడా ఇంకో ఫోర్‌మన్ ఎదురైతే ఇక ఎక్కడికి వెళ్లాలి?

*ఒంగోలు కొండ మీద*

ఇద్దరు వేరువేరు మనుషులు ఒకే పనికి ఎలా అక్కరకొస్తారో మన తెలుగు సంఘ చరిత్రలోనే ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూవెట్ 1849లో నెల్లూరు వచ్చాడు. ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున కొద్దిమందితో ఒంగోలు కొండెక్కి ప్రార్థించాడు. మిషన్ మూసేద్దామని అమెరికాలో మాట వచ్చినప్పుడు ఒప్పుకోలేదు. పట్టుకుని వేలాడటమే ఆయన చేసిన పరిచర్య.

ఆయన వెంట వచ్చిన జాన్ క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. ఒకప్పుడు భూమి సర్వే చేసినవాడు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూడు కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని కరువు సాయం ఆగేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి ఇచ్చింది తెలుగు బోధకులు. కనిపెట్టుకుని ఉన్నవాడు లేకపోతే, కాలువ తవ్వించినవాడు వచ్చేవాడే కాదు.

*మార్కును తీసుకురమ్మని*

పౌలు చివరి రోజుల్లో, చెరసాలలో ఉండి తిమోతికి రాస్తూ మార్కును వెంటబెట్టుకు రమ్మంటాడు, పరిచర్యకు అతను పనికొస్తాడంటాడు (2 తిమోతి 4:11). ఒకప్పుడు పనికిరాడన్నది కూడా ఈయనే. పౌలు మెతకమనిషి అయిపోలేదు, అదే పత్రికలో ఇంకా గట్టిగానే మాట్లాడతాడు. కానీ తన తీర్పును తనే తిరిగి చూసుకోగలిగాడు. మనం మారడమంటే వేరే మనిషి అయిపోవడం కాదు, మన స్వభావం యజమానిలా కాక పనివాడిలా ఉండటం.

ఆ డ్రైవర్ తమ్ముడికి తరువాత ఫోన్ చేసి క్షమించమన్నాను. "పర్లేదన్నా" అని నవ్వాడు. మా కూడికకు మాత్రం మళ్లీ రాలేదు. వేరేచోట ప్రార్థనకు వెళ్తున్నాడని విన్నాను, దేవునికి స్తోత్రం. క్షమాపణ అడిగితే పోయినవన్నీ తిరిగి వస్తాయని నేను చెప్పలేను. ఇప్పుడు ఎవరైనా ఆలస్యంగా వస్తే లేచి కూర్చునే చోటు చూపిస్తాను. పాట మాత్రం ఇప్పటికీ 9 గంటలకే మొదలవుతుంది!

*ఈ వారం ఆలోచిద్దాం*
1. నా మాట వల్ల, లేదా నా మౌనం వల్ల ఎవరు నష్టపోయారు?
2. నాకు పూర్తి భిన్నంగా ఉన్న ఏ సహోదరుణ్ణి దేవుడు నా పక్కన పెట్టాడు? అతని మాట చివరిసారి ఎప్పుడు విన్నాను?

*ప్రార్థన:* ప్రభువా, నన్ను చేసినది నీవే. నా గట్టిదనంలో కనికరాన్నీ, నా మెతకదనంలో ధైర్యాన్నీ పుట్టించు. నీ మందలో నావల్ల గాయపడినవారిని నీవే బాగుచేయి. యేసు నామమున, ఆమేన్.

చదవడం రానివారు మీ రూములో ఉంటే దయచేసి చదివి వినిపించండి. 🙏