సదోపవాసి

శ్రీమహాభారతమున శాంతిపర్వమునందు ధర్మరాజు భీష్మపితామహుని ఒక చిత్రమైన ప్రశ్న అడిగెను. లోకులు ఉపవాసమునే తపస్సని చెప్పుకొనుచున్నారు. అది నిజముగా తపస్సేనా, లేక తపస్సు మఱియొకటి కలదా అని ఆ ప్రశ్న. అంపశయ్యపై నున్న ఆ వృద్ధుడు ఇచ్చిన సమాధానము ఉపవాసప్రియులకు కొంత ఆశ్చర్యము కలిగించునది. పక్షముల తరబడి, మాసముల తరబడి తిండి మాని శరీరమును పీడించుటను సత్పురుషులు తపస్సుగా నెన్నరనియు, త్యాగమును వినయమును ఉత్తమమైన తపస్సులనియు ఆయన చెప్పెను. ఇక నిత్యము ఉపవసించువాడు, అనగా సదోపవాసి, ఎవడన్న ప్రశ్నకు ఆయన చెప్పిన లక్షణము వినుటకు మిక్కిలి తేలిక: ఉదయమొకమారు, సాయంకాలమొకమారు భుజించి, ఆ రెంటి నడుమ ఏమియు నోట వేయనివాడు.

భీష్ముడు రాత్రి తిండి మానుమనలేదు, నడుమ తినవలదనెను. ఈ భేదమును మనసున నుంచుకొనినచో, నేడు పెక్కు గృహములలో వినవచ్చుచున్న ఒక ప్రశ్నను విచారించుట సులభమగును. ఇంటి పెద్దకు డాక్టరు బరువు తగ్గవలెనని చెప్పియుండును. చీకటిపడిన పిదప తినకున్న చాలునని ఒకరు, అదంతయు భ్రమ యని మఱియొకరు చెప్పియుందురు. పొద్దుపోయిన పిదప తిండి మానినచో నిజముగా ఒళ్లు తగ్గునా?

తెలుగునాట ఈ పరీక్ష ఏనాడో జరిగినది. శ్రీవేంకటేశ్వరుని ఇలవేల్పుగా గల కుటుంబములలో శనివారము ఒంటిపూట యుండుట తాతముత్తాతలనాటి ఆచారము. పగలు స్వామికి నైవేద్యమైన పిదప భోజనము. రాత్రికి అన్నము లేదు, ఫలహారము మాత్రమే. ఫలహారమనగా పండ్లు తిని యుండుట యని ఆ మాటయే చెప్పుచున్నది. కాని వంటింటిలో ఆ మాటకు అర్థము పెరిగినది. ఉప్మా ఫలహారమే, ఇడ్డెనలు ఫలహారమే, చపాతీలు, ఉప్పుపిండి, అల్లపుపచ్చడితో మినపట్లు, ఇవన్నియు ఫలహారములే. అన్నము మానితిమన్న తృప్తి యొకటి చాలదన్నట్లు, మానినందుకు పరిహారముగా మఱి రెండు అట్లు అదనముగా విస్తరిలో పడును. ముప్పది యేండ్లుగా ఒక్క శనివారమైనను తప్పలేదు, నడుము చుట్టుకొలత మాత్రము తగ్గలేదని వాపోవు భక్తులు కలరు. స్వామి భక్తిని చూచునే గాని అట్లు లెక్కింపడు. శరీరము మాత్రము తప్పక లెక్కించును.

ఈ లెక్కనే ఆధునిక శాస్త్రజ్ఞులు మఱియొక విధమున వేసి చూచిరి. 2013లో స్పెయిను దేశమున బరువు తగ్గుటకై చికిత్స పొందుచున్న 420 మందిని 20 వారములు పరిశీలించిరి. ఆ దేశమున మధ్యాహ్న భోజనమే ముఖ్యమైనది. దానిని మూడు గంటలు దాటిన పిదప తినువారు, త్వరగా తినువారికంటె తక్కువ తగ్గిరి. వారు చెప్పినదానినిబట్టి తిన్న పరిమాణము మాత్రము ఇంచుమించు సమానమే. 2022లో అమెరికాలోని బోస్టను నగరమున 16 మంది స్థూలకాయులకు అవే భోజనములను ఒకమారు పెందలకడ, మఱియొకమారు నాలుగు గంటలు ఆలస్యముగా పెట్టి చూచిరి. ఆలస్యముగా తిన్నపుడు ఆకలి పెరిగినది. కడుపు నిండినదని మెదడునకు తెలుపు లెప్టిన్ అను రసము తగ్గినది. మేలుకొనియున్న వేళ శరీరము ఖర్చుచేయు శక్తియు కొంత తగ్గినది. ఇంతవరకు వినినవారు, రాత్రి తిండియే సకల దోషములకు మూలమని నిశ్చయించుకొనవచ్చును.

అయితే అదే 2022లో వెలువడిన మఱి రెండు పరీక్షలను కూడ వినవలయును. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 139 మందిని రెండు వర్గములుగా చేసి, ఒక సంవత్సరముపాటు అందఱకును ఆహారమును ఒకే కొలతలో తగ్గించిరి. ఒక వర్గము ఉదయము 8 గంటలు మొదలు సాయంకాలము 4 గంటల లోపల మాత్రమే తినవలయును. రెండవ వర్గమునకు వేళల నియమము లేదు. వేళ పాటించినవారు సగటున 8 కిలోలు, పాటింపనివారు 6.3 కిలోలు తగ్గిరి. చూచుటకు భేదమున్నట్లే తోచును గాని, అది వేళవలన వచ్చినదని చెప్పదగినంత భేదము కాదని పండితులు తేల్చిరి. స్కాట్లండులోని అబెర్డీనునందు 30 మందికి ఒకమారు ఉదయపు తిండిని అధికముగాను, మఱియొకమారు రాత్రి తిండిని అధికముగాను, మొత్తము మారకుండ పెట్టిరి. తగ్గిన బరువు రెండు విధములను సమానమే. ఉదయము అధికముగా తిన్నపుడు మాత్రము దినమంతయు ఆకలి తక్కువగా నుండెను.

ఈ నాలుగింటిని కలిపి చూచినవారికి విషయము తేటపడును. చీకటికి ఒళ్లు పెంచు మంత్రశక్తి యేదియు లేదు. పగలు తినవలసిన కొలతయే రాత్రి తిన్నచో బరువులో పెద్ద భేదము రాదు. కాని పొద్దుపోయిన పిదప తినువాడు ఆ కొలతలో నిలుచుట కష్టము, ఆకలియే అతనికి పగయగును. నిద్రవేళ సమీపించిన కొలది, రక్తములోని చక్కెరను అదుపుచేయు ఇన్సులిన్ ఉదయమువలె చురుకుగా పనిచేయదు. కనుక రాత్రి నియమము చేనికి కట్టిన కంచె వంటిది. కంచె కట్టి పైరు వేయనివానికి పంట లేదు. పైరు వేసి కంచె కట్టనివానికి పశువుల భయము తప్పదు. శనివారపు అట్లు మొదటి తెగకు చెందినవి.

ఆయుర్వేదాచార్యులు ఇంచుమించుగ ఇదే త్రోవను నడచిరి. కడుపులో సగము అన్నమునకు, పాతిక భాగము నీటికి, తక్కిన పాతిక వాయువు సంచరించుటకు విడువవలెనని వాగ్భటుడు కొలత చెప్పెను. రాత్రి మొదటి జామున, అనగా తొమ్మిది గంటల లోపల, పగటికంటె కొంచెము తక్కువగా, అరుగుటకు కష్టమైనవి విడిచి భుజింపవలెనని భావప్రకాశము. రాత్రి పెరుగు కూడదని చరకుడు. ఈ చివరి మాట తెలుగువారికి రుచింపదు. పెరుగన్నము లేక భోజనము ముగిసినట్లే వారికి తోచదు. పలుచని మజ్జిగతో సరిపెట్టుకొనినవారు కొంతవరకు చరకుని మన్నించినట్లే. గీతాచార్యుడు ఆఱవ అధ్యాయమున, మిక్కిలి తినువానికిని బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని చెప్పి, ఇరువైపులను ఒక్కమారే మూసివేసెను.

ఇక నేటి గృహములలో జరుగుచున్నదేమి? సాయంకాలము ఆఱింటికి కాఫీ, దానితో రెండు జంతికలు. ఎనిమిదింటికి చుట్టమెవరో వచ్చినందున గుప్పెడు కారప్పూస. పదింటికి టెలివిజను ఎదుట భోజనము. పదకొండింటికి నిద్రపట్టక, సెల్‌ఫోను చూచుచు, మెల్లగా డబ్బా మూత తీయుట. వీనిలో ఆకలికై తిన్నది ఒక్క భోజనమే. తక్కినవన్నియు చేతి అలవాటు. భీష్ముడు నడుమ తినవలదన్నది ఈ తక్కినవానినే. ఇవి మానిన గృహస్థునకు బరువు తగ్గుట అరుదు కాదు. దానికి కారణము సూర్యాస్తమయ మని అతడనుకొనినను నష్టము లేదు గాని, నిజమైన కారణము డబ్బా మూత.

గృహస్థునికంటె గృహిణి స్థితి కష్టతరము. దేవతలు, పితరులు, అతిథులు, పోష్యవర్గము తినగా మిగిలినది తినువానిని విఘసాశి యని, అమృతము తినువానితో సమానుడని భీష్ముడు ఆ సందర్భముననే కొనియాడెను. నేటి గృహములలో ఆ మాటకు తగినది ఇల్లాలొక్కతెయే. అందఱును తిన్న పిదప, పదిన్నరకు, పిల్లలు విడిచిన పెరుగన్నము పాఱవేయుటకు మనసొప్పక, అడుగున మిగిలిన కూర మఱునాటికి నిలువదని, తన ఆకలితో నిమిత్తము లేకుండ ఆమె తినును. ఆ పిదప పాత్రలు సర్ది పండుకొనును. ఆమె ఒళ్లు చేసినదని పరిహసించువారు ఆ వేళకు గాఢనిద్రలో నుందురు. ఏడింటికే తినుమని డాక్టరు ఆమెకు చెప్పిన మాట ఇంటికి చేరునప్పటికి విలువ కోల్పోవును. పతి రానిది, పిల్లలు తిననిది తాను విస్తరి ముందు ఎట్లు కూర్చుండును? ఆమెకొక్కతెకే విధించిన నియమము నాలుగు దినములు కూడ నిలువదు. ఇల్లంతయు తన వేళను గంటసేపు ముందునకు జరుపుకొనవలయును, లేనిచో ఆమెతో ఆ మాట ఎత్తకుండుట మర్యాద. అతిథికై వేచియుండుట ధర్మమే. నేడు ఆ వేచియుండుట చాలవఱకు టెలివిజను ధారావాహిక ముగియుట కొఱకే.

ఏకాదశీవ్రతమునందు వైష్ణవులకు రాత్రి నియమము స్పష్టముగా కలదు. దశమినాడు ఒక్కపూట, ఏకాదశినాడు ఉపవాసము, ద్వాదశినాడు సకాలమున పారణ. ఈ చివరిదానికై అంబరీషుడు పడిన సంకటము భాగవత నవమస్కంధమున ప్రసిద్ధము. అతిథియైన దుర్వాసుడు స్నానమునకు పోయి రాలేదు. ద్వాదశి ఘడియలు గడచిపోవుచున్నవి. తిన్నచో అతిథిని అవమానించినట్లు, తినకున్న వ్రతమునకు లోపము. పెద్దల ననుమతి యడిగి, నీరు మాత్రము త్రాగెను. సకాలమున తినుటయు వ్రతములో భాగమేనని, వేళ మించినను మానినచో చాలుననుకొనువారు గ్రహింపవలయును. దశమి పగలు రెండింతలు తిని ఏకాదశికి సిద్ధపడుట మాత్రము ఏ స్కంధమునను కానరాదు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. మధుమేహమునకు ఇన్సులిన్ పొడిపించుకొనువారు, చక్కెరను తగ్గించు కొన్ని మాత్రలు వాడువారు, ఇతరులను చూచి రాత్రి భోజనమును హఠాత్తుగా మానరాదు. మందు తన పని తాను చేయును. అన్నము లేనందున రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోయి, నిద్రలోనే స్మృతి తప్పవచ్చును. చెమటలు, వణకు, తడబాటు కనబడినచో వెంటనే పంచదార నీరు త్రాగింపవలయును. స్మృతి తప్పినవాని నోట ఏమియు పోయక వైద్యుని యొద్దకు చేర్చవలయును. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగుచున్న పిల్లలు, చిక్కిపోయిన వృద్ధులు కూడ వైద్యుని అడుగక ఇట్టి నియమములు పట్టరాదు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము, ఈ ఎనిమిది వ్రతభంగము చేయవని ధర్మజ్ఞులు ఏనాడో వెసులుబాటు కల్పించిరి. మందుతో తినవలసిన పిడికెడన్నము ఔషధములోని భాగమే.

ప్రసాదము సంగతి యేమి యని కొందఱు సందేహింతురు. తిరుమల నుండి వచ్చిన బంధువు రాత్రి పదింటికి లడ్డు చేతిలో పెట్టును, వలదనుట ఎట్లు? వలదనవలసిన పని లేదు. కన్నుల కద్దుకొని చిటికెడు నోట వేసికొని, తక్కినది నలుగురకు పంచి, మిగిలినచో ఉదయమునకు దాచుకొనవచ్చును. ప్రసాదమహిమ పరిమాణమునుబట్టి పెరుగునదైనచో, యాత్రికులకు తీర్థమును చెంబులతో పోసియుందురు.

వైష్ణవ గృహమునకు వేళను చూపు గడియారము పూజగదిలోనే కలదు. సంధ్యవేళ తినుట నిషిద్ధము. అపుడు దీపము, స్తోత్రపాఠము. ఆ పిదప వండినది స్వామికి నివేదించి అందఱును భుజింతురు. తిరుమలలో రాత్రి చివర జరుగు ఏకాంతసేవయందు శ్రీనివాసునకు పాలు, పండ్లు నివేదించి, జోలపాడి, పవళింపజేయుదురు. ఇండ్లలోను స్వామిని పవళింపజేసి పూజగది తలుపు దగ్గరగా వేయు ఆచారము కలవారున్నారు. అటుపిమ్మట ఇంటిలో నివేదన లేదు. అనివేదితము తినరాదన్నది వైష్ణవులకు చిన్ననాటినుండి తెలిసిన మాట; తనకొఱకే వండుకొని తినువారు పాపమునే తినుచున్నారని గీతలో మూడవ అధ్యాయము. రాత్రి పదకొండింటికి, దీపము తీసిన వంటింటిలో, చీకటిలో తడుముకొని తీసిన ఆ రెండు జంతికలను ఎవరికి నివేదించి తినుచున్నారు? స్వామిని మరల మేలుకొలుపుటకు ఏ గృహస్థుడును సాహసింపడు. మూత తీసిన చేయి అచట ఒక క్షణమాగును.