బాబాసాహెబ్ పేరు బిడ్డకు బరువు కాకూడదు



మన ఇళ్ళలో చదువుకునే పిల్లలతో తరచూ అనే మాట ఒకటుంది. "బాబాసాహెబ్ రోజుకు పద్దెనిమిది గంటలు చదివారు. ఆయనకు ఏమీ లేదు. నీకు అన్నీ ఉన్నాయి. నీకేం నొప్పి?" ప్రేమతోనే అంటాం. మన తాతలకు దొరకనిది, మనకు సగమే దొరికింది, బిడ్డకు పూర్తిగా దొరకాలన్న ఆశతో అంటాం.

కానీ రాత్రి నిద్ర పట్టక, అన్నం సయించక, పుస్తకం తెరిస్తే ఒక్క ముక్కా బుర్రకెక్కని స్థితిలో ఉన్న పిల్లవాడి చెవిలో ఆ మాట ఎలా పడుతుంది? "అమ్మానాన్నలకే కాదు, బాబాసాహెబ్‌కు కూడా నేను ద్రోహం చేశాను" అన్నట్టు పడుతుంది. మార్కులు తగ్గిన బాధకు తోడు మొత్తం సమాజాన్ని ముంచానన్న నేరం కూడా వాడి నెత్తిన పడుతుంది. పదిహేడేళ్ళ నెత్తి అంత బరువు మోస్తుందా?

చదువు మన విముక్తి మార్గం. దాంట్లో రాజీ లేదు. అయితే ఆ దారిలో బిడ్డ మనసు నలిగిపోతుంటే ధమ్మం ఏం చేయమంటుంది? మనం తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇదే.

సోణుడి వీణ

బుద్ధుని కాలంలో సోణుడనే భిక్షువు ఉండేవాడు. ధనవంతుల ఇంట సుకుమారంగా పెరిగినవాడు. సంఘంలో చేరాక అందరికంటే ఎక్కువ కష్టపడాలని పట్టుబట్టాడు. అరికాళ్ళు చిట్లి నెత్తురు కారేదాకా చంక్రమణ ధ్యానం చేశాడు. అయినా ఫలితం కనపడలేదు. "నా వల్ల కాదు, ఇంటికి పోతాను" అనుకున్నాడు.

అప్పుడు బుద్ధుడు ఏం చేశాడు? ఇంకా గట్టిగా ప్రయత్నించమని కబురు పెట్టలేదు. ఫలానా భిక్షువును చూసి నేర్చుకోమని పోల్చలేదు. తానే సోణుడి దగ్గరికి వెళ్ళాడు. ఇంట్లో ఉన్నప్పుడు వీణ వాయించేవాడివి కదా అని అతనికి తెలిసిన సంగతితోనే మాట మొదలుపెట్టాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా? మరీ వదులైతే పలుకుతుందా? రెండూ కాదని సోణుడే చెప్పాడు. ప్రయత్నం కూడా అంతేనని, మరీ బిగిస్తే మనసు అల్లల్లాడుతుందని, మరీ వదిలేస్తే సోమరితనం వస్తుందని బుద్ధుడు వివరించాడు.

ఇందులో తల్లిదండ్రులకు రెండు పాఠాలున్నాయి. ఒకటి, అతి శ్రమ కూడా దారి తప్పడమే. తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా స్టడీ అవర్లు నడిపే ఇంటర్ హాస్టల్ క్రమశిక్షణలా కనిపించవచ్చు, మధ్యేమార్గం మాత్రం కాదు. రెండు, కుంగిపోయినవాడు మన దగ్గరికి వచ్చేదాకా ఆగకూడదు. మనమే వెళ్ళాలి. వెళ్ళి ముందు అడగాలి, వినాలి.

బాబాసాహెబ్ కన్నీళ్ళు

"అలా మెత్తగా పెంచితే పిల్లలు పోరాడతారా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. వారికి బాబాసాహెబ్ జీవితంలోంచే జవాబు ఉంది.

1917లో విదేశాల్లో చదువుకుని వచ్చిన బాబాసాహెబ్ బరోడాలో ఉద్యోగంలో చేరారు. ఉండడానికి ఇల్లు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకున్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకున్న మనుషులు వచ్చి సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. ఇద్దరు స్నేహితులను ఆశ్రయిస్తే ఇద్దరూ ఏవో సాకులు చెప్పారు. చివరికి ఒక పార్కులో కూర్చుని పొద్దు గడిపి, బొంబాయి రైలెక్కారు. ఆ రోజు తాను వెక్కి వెక్కి ఏడ్చానని 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత తలుచుకున్నా కళ్ళు చెమ్మగిల్లుతాయని కూడా రాశారు.

మన పిల్లలకు ఈ బాబాసాహెబ్‌ను ఎప్పుడైనా పరిచయం చేశామా? నీలం కోటు, చేతిలో రాజ్యాంగం, పైకెత్తిన వేలు చూపించాం. పార్కులో ఒంటరిగా కూర్చున్న ఆ యువకుణ్ణి చూపించలేదు. ఆయన ఏడ్చారు, ఏడ్చానని దాచకుండా రాశారు. తనను అవమానించిన చోటును వదిలి వచ్చేశారు. అది ఓటమి కాలేదు. స్కాలర్‌షిప్ గడువు ముగిసి లండన్ చదువు అప్పటికే మధ్యలో ఆగిపోయింది. 1920లో మళ్ళీ వెళ్ళి దాన్ని పూర్తిచేశారు. సంవత్సరం పోయిందని కుమిలే విద్యార్థికి పద్దెనిమిది గంటల కథ కంటే ఈ కథే ఎక్కువ అవసరం.

బాధకు కారణం ఎక్కడుంది?

బుద్ధుడు దుఃఖం ఉందని చెప్పి ఊరుకోలేదు. దానికి కారణం ఉంది, వెతకమన్నాడు. పూర్వజన్మ కర్మ మీద నెట్టేసే సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. కాబట్టి బౌద్ధులమైన మనం, బిడ్డ బాధకు 'రాత', 'గ్రహచారం', 'గాలి సోకింది' అనడం ఎలా మానేశామో, 'పిరికితనం', 'బద్ధకం' అనడం కూడా అలాగే మానేయాలి. ఈ రెండు రకాల మాటలూ కారణం వెతకకుండా తప్పించుకోవడానికే పనికొస్తాయి.

కొన్నిసార్లు కారణం శరీరంలో, మెదడులో ఉంటుంది. కొన్నిసార్లు ఇంట్లో ఉంటుంది. చాలాసార్లు మన పిల్లల విషయంలో కాలేజీలో ఉంటుంది. "నీ ర్యాంకు ఎంత?" అన్న ప్రశ్నతో కులం ఆరా తీయడం, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని అందరి ముందూ నిలబెట్టడం, ల్యాబ్‌లో, మెస్‌లో దూరం పెట్టడం. 2007లో థోరట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థులు ఎదుర్కొన్న వివక్షను నమోదు చేసింది. 2012లో యూజీసీ వివక్ష నివారణ నిబంధనలు తెచ్చింది. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. కారణం బయట ఉన్నప్పుడు బిడ్డతో "మనసు ప్రశాంతంగా ఉంచుకో" అని మాత్రమే చెప్పడం, ముల్లు తీయకుండా నడవమనడమే. అక్కడ తోడుగా వెళ్ళి ఫిర్యాదు రాయించడం కూడా మైత్రీ సాధనే.

మార్కుల సంగతి కూడా చూడండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్ళీ చూస్తే 99. మనిషి వేసిన అంకె అది. కారణాల వల్ల పుట్టింది, మారింది. అలాంటి అంకెతో బిడ్డ విలువ కొలవడం అవిద్య.

వదిలేసిన భిక్షువు

ఒకసారి బుద్ధుడు, ఆనందుడు విహారంలో తిరుగుతూ విరేచనాలతో నీరసించి, తన మలినంలోనే పడి ఉన్న ఒక భిక్షువును చూశారు. ఎవరూ సేవ చేయడం లేదా అని బుద్ధుడు అడిగితే, "నేను వాళ్ళకు ఏ పనికీ రాలేదు, అందుకే చూడటం లేదు" అన్నాడతను. బుద్ధుడు నీళ్ళు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఇద్దరూ ఎత్తి పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులను పిలిచి, ఇక్కడ మీకు అమ్మానాన్నలు లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని మందలించాడు.

హాస్టల్లో ఉండే మన పిల్లలకు ఈ మాట సరిగ్గా సరిపోతుంది. "పనికి రాలేదు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. కుంగిపోయిన పిల్లలు తమ గురించి తాము అనుకునేది అదే. పనికొచ్చినా రాకపోయినా మనవాడు మనవాడేనని చెప్పేదే సంఘం.

ధ్యానం చాలదా అని అడుగుతారు. ధ్యానం మంచిదే. కానీ బుద్ధుడు కూడా జబ్బు చేసినప్పుడు జీవకుడి మందు తీసుకున్నాడు. విపశ్యన కేంద్రాలు కూడా దరఖాస్తులోనే మానసిక సమస్యలున్నాయా అని అడుగుతాయి. కుంగుబాటు ముదిరితే డాక్టరు కావాలి, మందు కావాలి. కౌన్సెలింగ్‌కు వెళ్ళినవాళ్ళను 'పిచ్చి' అనే నోరు పంచశీలలోని నాలుగో శీలాన్ని తప్పినట్టే.

మనం చేయగలిగినవి

బిడ్డ నిద్ర, తిండి, మాట మారితే గమనించండి. "నేను మీకు భారం" అంటే తేలిగ్గా తీసుకోవద్దు. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు, గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రమాదకరమైనవి అందుబాటులో ఉంచకండి. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

టెలీ మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. పోలీసు కేసవుతుందని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడమంటుంది, చికిత్స ప్రభుత్వ బాధ్యత అంటుంది. విశాఖలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో కౌన్సెలర్ ఉండాలి. మార్కుల లెక్కన సెక్షన్లు విడగొట్టకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. మీ పిల్లల కాలేజీలో ఇవి ఉన్నాయా? వెళ్ళి అడగండి.

నెలకొక ఆదివారం బుద్ధ వందన అయ్యాక పిల్లలతో గుండ్రంగా కూర్చోండి. ఆ గంటలో ర్యాంకు, మార్కు, ఉద్యోగం అన్న మాటలు వద్దు. పెద్దలు తక్కువ మాట్లాడాలి.

ఈ చిన్న పుస్తకం ఏ విద్యార్థి చేతిలోనైనా పడితే, తమ్ముడూ, చెల్లీ, నీతో ఒక్క మాట. నువ్వు సమాజానికి తిరిగివ్వాల్సింది ఉంది, నిజమే. దానికి గడువు ఈ పరీక్ష కాదు. నువ్వు బతికి ఉండటమే మాకు ముందు కావాలి. ఈ రాత్రి భరించలేనట్టుంటే పక్క మంచం మీదున్న స్నేహితుణ్ణి లేపు, ఇంటికి ఫోన్ చెయ్యి, 14416కి చెయ్యి. లేపినందుకు ఎవరూ విసుక్కోరు. విసుక్కుంటే ఇంకొకరిని లేపు.

నమో బుద్ధాయ. జై భీమ్.