బ్యాక్‌లాగ్ ఎవరికి బాకీ?

ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన తెలుగువాళ్ళకి బ్యాక్‌లాగ్ అనే మాట మూడుసార్లు తగులుతుంది. కాలేజీలో బ్యాక్‌లాగ్ అంటే తప్పిన సబ్జెక్టు. సప్లీ రాసి గట్టెక్కేదాకా చుట్టాల ముందు ఆ ఊసెత్తరు. ఉద్యోగంలో అదే మాటకి అర్థం, ఇంకా మొదలుపెట్టని పనుల జాబితా. అది ఎప్పటికీ ఖాళీ కాదు, అవుతుందని ఎవరూ అనుకోరు కూడా. మూడోది, కొని ఆడకుండా వదిలేసిన వీడియో గేముల కుప్ప. దీన్ని రెండో అర్థంలో తీసుకుంటే ఏ గొడవా లేదు. కానీ చాలామంది మొదటి అర్థంలోనే తీసుకుంటారు. "ఈ ఏడాది బ్యాక్‌లాగ్ క్లియర్ చేసేస్తా" అనే మాటలో సరదా కంటే పరీక్ష భయమే ఎక్కువ వినిపిస్తుంది.

నాకూ ఒక షీట్ ఉంది. అందులో 43 ఆటలున్నాయి. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక దొరికే గంటన్నరలో ఒక్కోటీ ఆడి, నాలుగు ముక్కలు రాసిపెట్టుకుంటున్నాను. ఇక్కడ నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది: కొన్నంత మాత్రాన ఒక ఆటని ఆడి తీరాల్సిన బాధ్యత మనమీద ఉంటుందా?

డబ్బు సంగతి తేలికే. ఖర్చయిన డబ్బు ఆడినా రాదు, ఆడకపోయినా రాదు. నచ్చని ఆటకి ఇరవై గంటలు పోస్తే నష్టం రెండింతలవుతుంది, అంతే. మరి తయారుచేసినవాళ్ళ శ్రమ? దానికి ధర వాళ్ళే పెట్టారు, మనం కట్టాం. ఆ పైన మన రాత్రుల మీద వాళ్ళకి హక్కేమీ లేదు. ఆ గంటన్నర మీద హక్కు ఎవరికైనా ఉంటే, అది పక్కగదిలో నిద్రపోతున్నవాళ్ళకి.

కాబట్టి కొనడంతో బాధ్యత పుట్టదని నా అభిప్రాయం. అది పుట్టేది మాట్లాడటంతో. "ఈ ఆటలో ఏమీ లేదు" అని నలుగురిలో అన్న క్షణం నుంచి నేను దానికి జవాబుదారీని.

అయితే ఎంత ఆడితే ఆ మాట అనొచ్చు? స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. సరుకు నచ్చిందో లేదో తేల్చుకోడానికి రెండు గంటలు చాలు. ఒక రచన మీద తీర్పు చెప్పడానికి చాలవు. లూకస్ పోప్ 2013లో తెచ్చిన 'పేపర్స్, ప్లీజ్' చూడండి. మనం ఆర్స్‌టోట్జ్‌కా అనే కల్పిత దేశంలో సరిహద్దు చెక్‌పోస్టు అధికారి. పాస్‌పోర్టులో తేదీలు చూడాలి, పేర్లు సరిపోల్చాలి, ముద్ర కొట్టాలి. ఎంతమందిని చూస్తే అంత జీతం. అందులోంచే అద్దె, తిండి, చలికాలం వేడికి ఖర్చు. కాసేపు ఆడి వదిలేసినవాళ్ళు "గుమాస్తా పని, విసుగు" అంటారు. అది నిజమే. ఆ విసుగుతోనే ఆట తన పని మొదలుపెడుతుంది.

ఒకరోజు ఒకాయన వస్తాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి. వెనకాల నా భార్య వస్తోంది, కాస్త దయ చూపండి అంటాడు. ఆమె దగ్గర ప్రవేశ పత్రం ఉండదు. ఆటలో రోజుకి మొదటి రెండు తప్పులకి హెచ్చరికే, మూడో తప్పు నుంచి జీతంలో కోత. అంటే దయకి కూడా రోజువారీ కోటా ఉంది. ఆ రోజు కోటా అయిపోయి ఉంటే? ఆమె ముఖం కంటే ముందు మన కళ్ళు గడియారం వైపు వెళ్తాయి. ఈ సంగతి ఎవరైనా చెబితే తెలుస్తుంది. మన చేతే జరిగినప్పుడు తెలిసేది వేరు.

అందుకే, పూర్తిచేశామా లేదా అన్నది నాకు సరైన కొలతగా కనిపించదు. ఆట మనల్ని అడగదలుచుకున్న ప్రశ్న దాకా వెళ్ళామా అన్నదే కొలత. 'పేపర్స్, ప్లీజ్'లో ఇరవై ముగింపులున్నాయి. అన్నీ చూడనక్కర్లేదు, ఆమెని ఎదుర్కొంటే చాలు. 2019లో వచ్చిన 'అవుటర్ వైల్డ్స్' అలా కాదు. 22 నిమిషాలకోసారి మొదటికొచ్చే ఆ లోకంలో మనం పోగుచేసుకునేది తెలుసుకున్న విషయాలనే. అక్కడ చివరిదాకా పోనివాళ్ళు చెప్పేది సగం మాటే.

ప్రశ్న వచ్చిందో లేదో మధ్యలో ఆపినవాడికి ఎలా తెలుస్తుంది అని మీరు అడగొచ్చు. తెలియదు. కాబట్టి ఎక్కడ ఆపామో, ఎందుకు ఆపామో చెప్పడమే నిజాయితీ. స్టీమ్‌లో ప్రతి సమీక్ష పక్కనా ఆడిన గంటలు కనిపిస్తాయి. మంచి ఏర్పాటే, కానీ ఆ అంకె 'ఎందుకు' అన్నది చెప్పదు.

బ్యాక్‌లాగ్ సమీక్షల్లో ప్రమాదం ఇక్కడే. వరుసలో 43 ఉన్నాయి, వెనకాల ఇంకా వస్తున్నాయి. ఒకటి చూడటం, మార్కు వేయడం, "నెక్స్ట్" అనడం. అంటే చెక్‌పోస్టులో మనం చేసిన ఉద్యోగమే ఇక్కడా చేస్తున్నాం, ఈసారి జీతం లేకుండా. నా షీట్‌లో మార్కుల గడి పెట్టుకోలేదు. ఎక్కడ ఆపాను, అప్పటికి ఆట ఏం అడిగింది అని రెండు గడులున్నాయి. కొన్ని వరుసల్లో రెండోది ఖాళీ. ఆ ఆటల గురించి ఎవరైనా అడిగితే, తెలియదనే చెబుతాను.

పోప్‌దే ఇంకో ఆట, 2018లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్', ఆ షీట్‌లోనే ఉంది. ఓడలో అరవైమందికి ఏమైందో ఒక్కొక్కరి లెక్కా తేల్చాలట. ఇంకా తెరవలేదు. ఒక తీరికైన వారం దొరికితే తెరుస్తాను. దొరక్కపోతే అది అలాగే ఉంటుంది, దానికి నేనేమీ బాకీ లేను.