పంచశీలకు హద్దురాయి ఉందా?

 

వందనలో కూర్చున్న ప్రతిసారీ మనం మొదట తీసుకునే శీలం ప్రాణం తీయనని. ఆ మాట విహారం గడప దగ్గరే ఆగిపోతుందా? మన చేను గట్టు దాకా వస్తుందా?

నల్లమలలో కొంత భాగం 1983 నుంచి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల రిజర్వు. అక్కడ బోర్డు ఉంది, గార్డు ఉన్నాడు. కానీ దుప్పికి, ఎలుగుబంటికి, అలుగుకు బోర్డు చదవడం రాదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెల చుట్టూ ఉన్న గుట్టలు, వాగు పక్క పొదలు, మేత బీళ్లు కూడా అడవి జీవాలకు ఇళ్లే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడా వర్తిస్తుంది. కానీ రాత్రిపూట అక్కడ కాపలా ఉండేది మన మనసొక్కటే.

"అడవి పంది మొక్కజొన్న తొక్కేస్తే అప్పెవరు కడతారు?" అని కౌలు రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. ఇంకొకరంటారు: "మహాడ్ చెరువులో పశువులు తాగే నీళ్లు మనల్ని తాగనివ్వలేదు. 1927లో బాబాసాహెబ్ పోరాడాల్సొచ్చింది. ఇప్పుడు జంతువుల మీద దయ మనమే చూపాలా?" ఆ కోపమూ న్యాయమే. అయితే మనల్ని నీళ్ల దగ్గర ఆపింది పశువు కాదు, కులం.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో అహింసను గుడ్డి నియమంగా చెప్పలేదు. అవసరం కొద్దీ చంపడం వేరు, చంపాలనే కోరికతో చంపడం వేరన్నారు. మైత్రి మనుషులతో ఆగకుండా సమస్త జీవులకూ చేరాలన్నారు.

ఇప్పుడు చేను చుట్టూ లాగే కరెంటు తీగను చూడండి. పంది కోసమే అంటాం. ఆ తీగ పందినీ, ఎలుగునూ, నీళ్లు కట్టడానికొచ్చిన పక్క చేను మనిషినీ ఒకేలా చంపుతుంది. పంట కాపాడుకోవడం అవసరమే. ఎవరు చస్తారో చూడకుండా చావును పరిచి ఇంటికెళ్లి పడుకోవడం అవసరం కాదు. "చంపాలని అనుకోలేదు" అంటే సరిపోదు. ఎవరైనా చావొచ్చని తెలిసీ స్విచ్ వేస్తే అదీ చేతనే, అదీ కర్మే.

పంటను జంతువులకు వదిలేయమని ధమ్మం చెప్పదు. మంచె వేద్దాం, వంతుల వారీగా కాపలా కాద్దాం, నష్టపరిహారం కలిసి అడుగుదాం. భారమంతా పేద రైతు ఒక్కడి మీద పడితే అది కరుణ కాదు. అలాగే బీడుకు నిప్పు పెట్టకుండా, పోరంబోకును పెద్దవాళ్లు ఆక్రమించకుండా చూద్దాం. ఆ బీడు పోతే కుందేలు పొదా పోతుంది, మన మేకల మేతా పోతుంది.

కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనాల్లో అశోకుడు మనుషులకూ పశువులకూ కలిపే వైద్యం, బావులు, చెట్లు ఏర్పాటు చేశానన్నాడు. ఒకరిది లాక్కుని ఇంకొకరికి ఇవ్వలేదు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణులనూ దయతో కాపాడతాననేది ఒకటి. దానికి హద్దురాయి పాతలేదు. మనమూ పాతొద్దు.

భవతు సబ్బ మంగళం.