వేయి పున్నములు చూచిన పెద్దలు



అరువది నిండినపుడు షష్టిపూర్తి, డెబ్బది నిండినపుడు భీమరథశాంతి, ఎనుబది దాటి వేయి పున్నములు చూచినపుడు సహస్ర చంద్ర దర్శనము జరుపుట తెలుగునాట వాడుక. మన వీరశైవ గృహములందును కొందరు వీనిని జరుపుచున్నారు. పందిరి వేయుదురు. పెద్దవానిని పీటపై కూర్చుండబెట్టి, దండ వేసి, శాలువ కప్పుదురు. బంధువులు వచ్చి పాదములకు మ్రొక్కి, భోజనము చేసి, తాంబూలము పుచ్చుకొని వెడలుదురు. మరునాడు ఆ పెద్దవాని మంచము మరల వసారా మూలకు చేరును. ఆయన ఏదో చెప్పబోవును. వినుటకు ఎవరికిని తీరిక యుండదు. పీటకును మంచమునకును నడుమ గల ఈ దూరమే శరణులు ఆలోచింపదగిన విషయము.

శాంతి క్రియలు గ్రహములను ప్రసన్నము చేసికొని ఆయువు కోరుట కొరకు ఏర్పడినవి. మెడలో ఇష్టలింగము ధరించినవానికి గ్రహముల వలన భయమేమి? బసవేశ్వరుడు చూపిన త్రోవలో ఆ భయమునకు తావు లేదు. ఇంతకును, కేవలము ఏండ్ల లెక్కయే గొప్పదైనచో మన శరణులలో ఎందరు మిగులుదురు? బసవేశ్వరుని జీవిత సంవత్సరములను గూర్చి పండితులలో భేదాభిప్రాయము లున్నవి. ఏ లెక్కను చూచినను ఆయన నూరేండ్లు జీవించినవాడు కాడు. అక్కమహాదేవి చిన్న వయసుననే శ్రీశైలము చేరి లింగైక్యమందెను. కనుక దీర్ఘాయువు దానంతట అది పుణ్యమునకు గుర్తు కాదు, అల్పాయువు పాపమునకు గుర్తును కాదు.

మరి పెద్దలను పూజించుట ఎందుకు? ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ ఎల్లరకు తెలిసినదే. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, దానితో దాసోహము చేయుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు మారయ్య నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆనాటి దాసోహమునకు మించిన దానిని వెనుకకిచ్చి రమ్మని భర్తను పంపెను. ఆయువును గూడ ఆ గింజలవలెనే చూడవచ్చును. ఎంత దొరికినదని కాక, దొరికినది ఎవరి విస్తరిలో పడినదని అడుగవలెను. అప్పు చేసి ఉత్సవము జరుపువారు ఈ ఇల్లాలి మాటను ఒక్కసారి తలచుకొనుట మేలు.

ఇట్లు అడిగినపుడు మన కాలమున మొదట తోచు పేరు తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులైన డాక్టర్ శ్రీ శివకుమార స్వామివారిది. మాగడి తాలూకా వీరాపురమున 1907 ఏప్రిల్ 1న జన్మించిరి, పూర్వాశ్రమమున శివన్న. బెంగుళూరు సెంట్రల్ కాలేజిలో చదువుచుండగా, మఠమునకు ఉత్తరాధికారిగా అనుకొన్నవారు దేహము చాలించిరి. ఉద్దాన శివయోగులవారి దృష్టి ఈ విద్యార్థిపై పడినది. 1930 మార్చి 3న విరక్తాశ్రమము స్వీకరించి శివకుమారులైరి. పట్టభద్రులు కాకుండగనే కాలేజి విడిచిన ఆ యువకుడు తరువాత నూరింటికి పైబడిన విద్యాసంస్థలను నడిపిరి! 1941 జనవరి 11న మఠ భారము వహించి, 78 సంవత్సరములు దానిని మోసిరి.

ఆ భారము సింహాసనము కాదు, వంటశాల. అన్నము, అక్షరము, ఆశ్రయము అను మూడింటి దాసోహము అచట జరిగినది, నేటికిని జరుగుచున్నది. బీద ఇండ్ల బాలురు వేల సంఖ్యలో ఆ గురుకులమున నుందురు. ఏ కులము, ఏ మతము అని అడుగుట లేదు, ఫీజు లేదు. స్వామివారు తెల్లవారక మునుపే లేచి ఇష్టలింగ పూజ ముగించి, పిల్లల ప్రార్థనకు వచ్చి కూర్చుండెడివారు. నూరేండ్లు నిండిన తరువాత కూడ ఆ దినచర్య సాగినది.

2007లో వారికి నూరేండ్లు నిండినవి. కర్ణాటక ప్రభుత్వము ఆ యేడు కర్ణాటక రత్న బిరుదమిచ్చెను. కేంద్ర ప్రభుత్వము 2015లో పద్మభూషణ్ ప్రకటించెను. లక్షల జనము వారిని నడయాడు దేవుడనిరి. ఇవియన్నియు తగినవే. అయినను ఆ జీవితమునకు జరిగిన నిజమైన సన్మానము ఏ వేదికపైనను జరుగలేదు.

2019 జనవరి 21న, 111 సంవత్సరముల వయసున, ఉదయము పదునొకండు గంటలు దాటిన తరువాత స్వామివారు లింగైక్యమైరి. అప్పటికి వారు చూచిన పున్నములు సుమారు 1,380. ఆ వార్త వెంటనే బయటకు రాలేదు. తాము దేహము విడిచినచో పిల్లల భోజనము ముగిసిన పిదపనే ఆ మాట చెప్పవలెనని వారు ముందుగనే కోరియుండిరి. మఠమువారు ఆ కోరికను పాటించిరి. లోపల గురువు దేహము చల్లబడియున్నది. వెలుపల పిల్లలు వరుసలలో కూర్చుండి అన్నము తినిరి. తిని లేచిన తరువాతనే వారికి తెలిసినది. అప్పుడు వారి ఏడ్పును ఎవరాపగలరు?

లోకాచారమున చావు జరిగిన ఇంట పొయ్యి వెలుగదు, మైల యందురు. లింగధారికి మృత సూతకము లేదని వీరశైవులు చెప్పుకొనుచున్నారు. ఆ మాటను గ్రంథములలో చదివినవారు చాలమంది గలరు. ఆ మధ్యాహ్నము సిద్ధగంగలో అది విస్తళ్లపై కనబడినది. సూతకము లేదనగా దుఃఖము లేదని కాదు. దుఃఖము కొరకు ఆకలిగొన్నవానిని వేచియుండుమనుట తగదని.

సిద్ధగంగ ఎక్కడ, కొండాపురమెక్కడ అని కొందరు అనుకొనవచ్చును. తుమకూరు చెంతనున్న దేవరాయనదుర్గ కొండలలో పుట్టిన జయమంగళి పెన్నలో కలియును. ఆ పెన్నయే గండికోట కనుమ దారిని సాగును. అచట జలాశయము కట్టిరి. తుమకూరు కొండలపై కురిసిన వాన కొంతయైనను ఈ నీటిలో కలిసియే యుండును. ఆ నీరు పొలములకు ప్రాణమగుట నిజమే. కాని కొండాపురము మండలమున కొన్ని ఊళ్లు దాని క్రింద మునిగినవి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ప్రజలు ఇండ్లు వదలి పోవలసివచ్చినది. పడుచువారు క్రొత్త తావున నిలద్రొక్కుకొందురు. ఎనుబదేండ్ల వృద్ధునకు అది అంత సులభమా? ఆయన ఎరిగిన చెట్టు, అరుగు, గుడి, తండ్రి సమాధి నీటిలో నున్నవి. ఆ ఊరు ఇప్పుడు ఉన్నది ఆయన జ్ఞాపకమున మాత్రమే.

అట్టి పెద్దలలో పలువురికి పుట్టిన తేదీ తెలియదు. ఫలానా కరవు నాటికి నడుచుచుంటిననియో, ఫలానా వరదకు పెండ్లియైనదనియో చెప్పుదురు. తేదీ లేదని వారికి ఉత్సవము మానవలెనా? ఏ సోమవారమైనను చాలును. ఆనాటి ఉదయము మనుమలు చెంత నిలిచి పూజా ద్రవ్యములు అందింపగా ఆయన తన ఇష్టలింగమును పూజింపవలెను. చేయి వణకినచో కోడలు పట్టుకొనవచ్చును. పిదప ఆయన కాయకమేమో, ఏ చేనిలో ఏ పైరు పెట్టెడివాడో, ఏ వీధిలో ఎవరుండిరో అడిగి, చదువు వచ్చిన పిల్ల ఒకతె నోటు పుస్తకములో వ్రాసికొనవలెను. ఒక్క దినమున అది పూర్తికాదు. మరునాడును ఆయన మంచము చెంతకు పోవలసియుండును.

శాలువ కొను సొమ్ముతో బడిపిల్లలకు అన్నము వండించుడు. ఆ వృద్ధుని విస్తరిని వారి వరుసలోనే వేయుడు. నమల లేకపోయినచో కొంచెము మెత్తగా వండి పెట్టుడు. ఆయన రెండు ముద్దలు తిని, ప్రక్కనున్న పిల్లవానిని నీ పేరేమిరా అని అడుగును.