భీముడు ఎక్కని గద్దె

దుర్మార్గుణ్ణి బలంతో పడగొట్టినవాడు మర్నాడు ఏం చెయ్యాలి? ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది ‘మీర్జాపూర్’ సిరీస్ చూశాక. 2018లో మొదలైన ఆ కథలో అందరి కన్నూ గద్దె మీదే. తమ్ముణ్ణి, భార్యను పోగొట్టుకున్న గుడ్డూ పండిత్ చివరికి, దందా నడిపే కాలీన్ భయ్యా గద్దె ఎక్కుతాడు. వాడి మీద నాకు జాలే. కానీ వాడు ఎక్కినందుకు దందా ఆగదు.

నా ప్రశ్నకు జవాబు మా ఊరి కథలో వెతుక్కున్నాను. నేను బోధన్ వాణ్ణి. షక్కర్‌నగర్‌లో చెరకు కాటా దగ్గర గుమస్తాగా పనిచేశాను. ఏకచక్రపురమంటే మా ఊరేనని పెద్దల మాట; ఏకచక్రేశ్వరుడి గుడి ఇప్పటికీ ఉంది. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని వింటూ పెరిగాం. ఆదిపర్వంలో చూస్తే అది అచ్చంగా వసూళ్ల కథ. రాజు చేతగానివాడు. పరాయి శత్రువుల నుంచి ఊరిని కాస్తున్నది బకుడే. అందుకు వాడు పుచ్చుకునేది బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకొచ్చిన మనిషి. ఇంటికో వంతు. ఊరు ఒప్పుకుంది. వంతు రానివాళ్లు ఆ రాత్రి నిద్రపోయారు.

సీజన్లో మా కాటా ముందు రాత్రంతా చెరకు బండ్లు బారులు తీరేవి. ఎడ్లు నెమరేస్తుంటే బండి కింద గోనె పరుచుకుని రైతు కునుకు తీసేవాడు. తెల్లారేసరికి తూకం చీటీ చేతికొస్తుందని అతనికి ధీమా. బకుడి దగ్గరికి బండి తోలినవాడికి తిరుగుదారి లేదు.

పాండవులు తలదాచుకున్న ఇంటికి వంతు వస్తుంది. ఏడుపు విని కుంతి వెళ్తుంది. ఆ ఇంటి పసివాడు గడ్డిపోచ పట్టుకుని, దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. అంత దుఃఖంలోనూ పెద్దవాళ్ల మొహాలు వెలుగుతాయి. భీముణ్ణి పంపుతానంటే ధర్మరాజు తప్పుపడతాడు. ఆమె తగ్గదు. ఉన్న ఇంటి రుణం తీర్చాలంటుంది.

బకుడి కోసం తెచ్చిన అన్నం భీముడు తానే తింటాడు. వీపు మీద దెబ్బలు పడుతున్నా ముద్ద ఆపడు. ఇక్కడే నాకు భయమేస్తుంది. ఒక బలవంతుడి తిండి వాడికన్నా బలవంతుడు తింటున్నాడు; ఆ క్షణాన వేరే తేడా ఏమీ కనబడదు. తర్వాత తెలుస్తుంది. బకుడి పరివారాన్ని చంపడు, ఇకమీద మనుషుల జోలికి రామని మాట తీసుకుంటాడు. శవాన్ని ఊరి వాకిట పడేసి, ఎవరి కంటా పడకుండా ఇంటికి పోతాడు. రెండో బండి కట్టమనడు.

దాక్కున్నవాళ్లు కనక పేరు చెప్పుకోలేదు, అందులో గొప్పేముంది అని మా అబ్బాయి అడిగాడు. పేరు దాచుకుని కూడా వంతులు తినొచ్చు కదరా అన్నాను. ఇప్పటికీ నా మాట అదే.

అలాగని పగ చల్లారలేదు. అరణ్యవాసంలో బకుడి తమ్ముడు కిర్మీరుడు అడ్డం వచ్చాడు. కురుక్షేత్ర యుద్ధంలో బకుడి చుట్టం అలాయుధుడు వచ్చాడు. గద్దె వద్దన్నవాణ్ణీ నెత్తురు వెంటాడింది, అది నిజం. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఊరు. శవాన్ని చూసి ఆశ్చర్యపోయారు, చంపిందెవరని ఆరా తీశారు, పండగ చేసుకున్నారు. ఇన్నాళ్లూ ఈ వంతులకు మనం ఎందుకు ఒప్పుకున్నామని ఒక్కరైనా అడిగినట్టు కథలో లేదు.