మర్హూమ్ బాకీలు

పేపరు ఆఫీసులో చావు వార్త రాసేటప్పుడు మాకు రెండు మాటలు ఎదురొస్తాయి. తెలుగులోనైతే 'కీర్తిశేషులు', ఉర్దూలోనైతే 'మర్హూమ్'. రెండూ పోయినవాళ్ళ పేరుకు తగిలించే మాటలే గాని రెండూ ఒకటి కావు. కీర్తిశేషుడంటే కీర్తి మాత్రమే మిగిలినవాడు. మర్హూమ్ అంటే రహమత్ పొందినవాడు, అల్లా దయకు నోచుకున్నవాడు. మొదటిది ఇక్కడ ఏం మిగిలిందో చెబుతుంది. రెండోది అక్కడ ఏం దొరికిందో చెబుతుంది, అదీ దొరికితే బాగుండునన్న దువాలాగా. ముసలివాళ్ళు పోయినప్పుడు ఏ మాటైనా సరిపోతుంది. ఎదిగిన బిడ్డ పోయినప్పుడు రెండూ చాలవు. ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడికి కీర్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? రహమత్ దొరికిందనుకుంటే తల్లి మనసు కాస్త కుదుటపడొచ్చు. మరి ఆ ఇరవై నాలుగేళ్ళు ఏమైనట్టు?

మా ఇళ్ళల్లో మౌత్ అయితే ఓదార్చడానికి వచ్చినవాళ్ళంతా ఒకే మాట అంటారు. "అల్లా కీ అమానత్ థీ, అల్లా లేలియా." బిడ్డ మనది కాదు, దాచమని ఇచ్చిన సొమ్ము, ఇచ్చినవాడు తీసుకున్నాడు అని. ఈ మాట వెనక పెద్ద కథే ఉంది. ప్రవక్త కాలంలో అబూ తల్హా, ఉమ్మె సులైమ్ అనే దంపతుల బిడ్డ చనిపోతాడు. భర్త ఇంటికి రాగానే ఆమె చావు కబురు చెప్పదు. అన్నం పెడుతుంది. తర్వాత అడుగుతుంది: ఎవరైనా మనకు వస్తువు ఎరువిచ్చి తిరిగి అడిగితే కాదనగలమా అని. కాదనలేమంటాడు. అప్పుడు చెబుతుంది. ఎంత గుండెదిటవు గల తల్లి అనుకుంటూ విన్నాం మేమందరం ఈ కథని.

కానీ అది పసిబిడ్డ కథ. పసిబిడ్డ పోతే మా మతంలో ఓదార్పు చాలా ఉంది. బాలిగ్ కాకముందే పోయిన పిల్లలు తల్లిదండ్రుల్ని జన్నత్‌కి తీసుకెళతారని హదీసులున్నాయి. బాలిగ్ అయినవాడి సంగతి వేరు. ఆ రోజు నుంచి వాడి నమాజు వాడిదే, వాడి గునా వాడిదే, వాడి లెక్క వాడిదే. షరీయతే వాణ్ణి తల్లిదండ్రుల చేతిలోంచి తీసి వేరే మనిషిగా నిలబెట్టింది. అలాంటివాణ్ణి పట్టుకుని ఇంకా మీ దగ్గర దాచిన సొమ్ము అంటే ఎలా? సొమ్ముకు స్నేహితులుండరు. సొమ్ము రాత్రి పదింటిదాకా బజార్లో కూర్చోదు, అబ్బా మాట వినకుండా ఎదురు చెప్పదు. ఎదిగిన బిడ్డ పోతే రెండు నష్టాలు. మన బిడ్డ పోవడం ఒకటి. మనకు పూర్తిగా తెలియని ఒక మనిషి పోవడం రెండోది. అమానత్ అన్న ఓదార్పు మొదటి దాన్ని తాకుతుంది. రెండో దాని దరిదాపులకు రాదు.

ఇక మూడు రోజుల సంగతి. భర్త పోయిన స్త్రీకి నాలుగు నెలల పది రోజులు, మిగతా ఎవరు పోయినా మూడు రోజులే సోగ్ అని హదీసు. మూడోరోజు జియారత్ అయిపోగానే కొందరు పెద్దమనుషులు తల్లి ఏడుపు మీద పహరా కాస్తారు. సబర్ చెయ్యమ్మా అంటారు. పేరెత్తితే సబర్ లేదంటారు. సోగ్ అంటే అలంకారం మానుకోవడం, పనులు ఆపుకోవడం. తలుచుకోవడం ఎలా అవుతుంది? ఖురాన్‌లో యూసుఫ్ సూరా చదివినవాళ్ళకు యాకూబ్ నబీ గుర్తుండాలి. కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి ఆయన కళ్ళు తెల్లబడిపోయాయి. ఏళ్ళు గడిచినా ఆ పేరే తలుస్తున్నావు, చిక్కి శల్యమైపోతావని మిగతా కొడుకులు విసుక్కుంటే, నా బాధ అల్లాతో చెప్పుకుంటున్నాను గాని మీతోనా అన్నట్టు జవాబిస్తాడు. యూసుఫ్ బతికే ఉన్నాడు కదా అంటారు మౌల్వీ సాబులు. నిజమే. తోడేలు తిన్నదని తండ్రికి చెప్పిన కబురు మాత్రం చావు కబురే కదా. ఒక నబీ ఏళ్ళ తరబడి ఏడిస్తే అది సబరే అయినప్పుడు మా చాచీ ఏడిస్తే ఎందుకు కాదు?

ప్రవక్తకూ ఈ దుఃఖం తెలుసు. సున్నీ సంప్రదాయం ప్రకారం ఆయన ఎదిగిన కూతుళ్ళు ముగ్గురు, రుఖయ్యా, జైనబ్, ఉమ్మె కుల్సూమ్, ఆయన కళ్ళ ముందే పోయారు. బద్ర్ యుద్ధం జరిగిన రోజుల్లో రుఖయ్యా జబ్బుతో పోయింది. ఆమెను చూసుకోవడానికే భర్త ఉస్మాన్ యుద్ధానికి వెళ్ళకుండా మదీనాలో ఉండిపోయాడు. ఒక కూతురి ఖబర్ పక్కన కూర్చున్నప్పుడు ప్రవక్త కళ్ళ నీళ్ళు కారడం చూశామని చెప్పినవాళ్ళున్నారు. తండ్రి తర్వాత బతికింది ఫాతిమా ఒక్కతే, అదీ కొన్ని నెలలే. మా పిల్లల్ని అడగండి, మిగతా ముగ్గురి గురించి ఏం తెలుసో. పేర్లు కూడా చెప్పలేరు. ఎవరి భార్యలో చెబుతారేమో. వాళ్ళకేం ఇష్టం, ఎవరితో నవ్వారు, ఎవరితో పోట్లాడారు అన్నది మా చదువులో లేదు. ఆడపిల్ల పోతే బతుకు ఇంకా తొందరగా చెరిగిపోతుంది.

కొడుకులైతే కనీసం షహీదులవుతారు. పీర్ల పండక్కి మా తెలంగాణ ఊళ్ళల్లో నిప్పుల అలావా చుట్టూ తిరిగేవాళ్ళలో తురకలకంటే మిగతా కులాలవాళ్ళే ఎక్కువ. ఎవరి కోసం తిరుగుతున్నారు? 680లో కర్బలాలో పోయినవాళ్ళ కోసం. అందులో ఇమామ్ హుసేన్ కొడుకు అలీ అక్బర్ పద్దెనిమిదేళ్ళవాడని వాడుక. అన్న హసన్ కొడుకు ఖాసిం అంతకన్నా చిన్నవాడు. ఆ ఖాసింకు యుద్ధభూమిలోనే నికా అయిందని చెప్పి మొహర్రం ఏడో తారీఖున మెహందీ తీస్తారు. నికా జరగలేదు, కట్టుకథ అని చరిత్ర తెలిసినవాళ్ళు చాలామంది అంటారు. జరగకపోవచ్చు. కానీ ఆ మెహందీ పళ్ళెం ఎందుకు పుట్టిందో ఆలోచించండి. పెళ్ళి కాకుండా పోయిన పిల్లవాడికి లోకం పెళ్ళి చేసింది. లక్నోలో మీర్ అనీస్, దబీర్ రాసిన మర్సియాలకు తడి ఇచ్చింది కూడా ఇలాంటివే: తల్లి ఏం ఆశపడింది, బిడ్డకు ఏ సెహరా కట్టాలనుకుంది. అంటే మనం బతికిన బతుకు కంటే బతకాల్సిన బతుకును తలుచుకుని ఏడుస్తాం. ఇందులో ప్రేమ ఉంది. మోసం కూడా కొంచెం ఉంది. రానున్న బతుకు ఎప్పుడూ మచ్చలేనిదే. పోయిన కొడుకు డాక్టరయ్యేవాడే, మంచి అల్లుడయ్యేవాడే. ఉన్నన్నాళ్ళు వాడెలా ఉన్నాడో ఆ వెలుగులో కనబడదు.

గాలిబ్ ఈ మోసం చెయ్యలేదు. భార్య తోబుట్టువు కొడుకు ఆరిఫ్‌ను ఆయన సొంత కొడుకులా చూసుకున్నాడు. ఆరిఫ్ 1852లో, ముప్పైల్లోనే పోయాడు. గాలిబ్ గజల్ రాశాడు. ఆ గజల్లో పొగడ్త తక్కువే. ఎందుకు తొందరపడి పోయావు, నాలుగు రోజులు ఆగలేవా అన్న తగువు ఉంది. బతికున్నవాడితో ఆడినట్టే తగువాడాడు. ఇంట్లో మిగిలిన ఆరిఫ్ పిల్లలిద్దర్నీ తెచ్చి పెంచుకున్నాడు.

ఇంకోరకం జ్ఞాపకం ఉంది. అది మా కౌమ్‌కి బాగా అలవాటైనది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి కొందరు, ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో కొందరు పోయారు. వాళ్ళలో కుర్రవాళ్ళున్నారు. 2018 ఏప్రిల్‌లో కోర్టు విచారణకొచ్చిన నిందితుల్ని నిర్దోషులని వదిలేసింది. న్యాయం దొరకని చావును జనం మరవరు, మరవకూడదు కూడా. ఏటేటా ఆ తారీఖు వస్తుంది, ఆ సంఖ్య వస్తుంది. కానీ న్యాయానికి కావలసింది చావు. ఎలా చంపారు, ఎవరు చంపారు అన్నదే సాక్ష్యం. వాడు జుమ్మాకి ఎందుకు ఆలస్యంగా వచ్చేవాడు, ఏ పాట పాడేవాడు అన్నది ఏ కోర్టుకూ అక్కర్లేదు. తల్లికి కావలసింది అదే. ఈ రెండు జ్ఞాపకాలూ ఒకే ఇంట్లో పోట్లాడుకుంటాయి. మాలో చాలామంది రచయితలం మొదటి దానివైపే నిలబడ్డాం, నిలబడాల్సి వచ్చింది కూడా.

మా చాచా కొడుకు చావులో న్యాయం అన్యాయం ఏమీ లేదు. 2009 ఎండాకాలంలో హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద లారీ తగిలింది. నల్గొండ జిల్లాలో చిన్న టౌను. చాచా టైలర్. పిల్లవాడు మండలాఫీసు ఎదురుగా జిరాక్సు షాపులో పనిచేసేవాడు. డిగ్రీ తెలుగు మీడియం. జనానికి రేషన్ కార్డు, పింఛను దరఖాస్తులు నింపి పెట్టేవాడు. చాచా అయిదు పూటలా నమాజీ. కొడుకు జుమ్మా నమాజీ, అదీ కొన్నిసార్లే. చాచాకి పీర్లు గిట్టవు, బిద్అత్ అంటాడు. కొడుకు ఏటా అలావా దగ్గర ఉండేవాడు. ఇద్దరికీ మాటలు తక్కువ.

జనాజా నమాజుకు ముందు చాచా లేచి నిలబడి, మా ఆచారం ప్రకారం, మర్హూమ్ ఎవరికైనా ఖర్జా ఉంటే నా దగ్గరికి రండి, లేదా మాఫ్ చెయ్యండి అన్నాడు. ఉర్దూలో. తర్వాత ఒక్క క్షణం ఆగాడు. గోడ అవతల వాడి దోస్తులు నిలబడి ఉన్నారు, గౌండ్లవాళ్ళు, మాదిగవాళ్ళు, చాకలివాళ్ళు. అటు తిరిగి తెలుగులో మళ్ళీ అన్నాడు. "మా పిలగాడు మీకెవ్వలికన్న బాకీ ఉంటే నా దగ్గరికి రాండ్రి. లేకుంటే మాఫ్ చెయ్యిండ్రి." జనాజా నమాజులో తెలుగు వినడం మాకు అదే మొదలు.

వచ్చారు. మూడో రోజు జియారత్ తర్వాత మొదలై దాదాపు రెండు నెలలు. చాయ్ హోటలాయన వచ్చి, "సాబ్, మీ పిలగాని ఖాతల మూడొందల నలభై ఉన్నయ్. మాఫ్ చేసిన. ఆ ముచ్చట చెప్పి పోదామని వచ్చిన" అన్నాడు. చాచా మాఫ్ ఒప్పుకోలేదు, కట్టాడు. వాడు రోజూ ఏ బెంచీ మీద కూర్చునేవాడో అడిగాడు. బాకీ ఉన్నవాళ్ళకంటే వాడికి బాకీ పడ్డవాళ్ళు ఎక్కువమంది వచ్చారు. ఒక ముసలామె కొంగుముడి విప్పి ఇరవై రూపాయలు పెట్టింది. "నా పింఛను కాయితం నింపిండు సాయిబూ. రేపియ్యి అవ్వా అన్నడు" అంది. దరఖాస్తులో ఆమె వయసు ఎక్కువ రాయాలా ఉన్నంతే రాయాలా అని వాడితో పెట్టుకున్న జగడం కూడా చెప్పి నవ్వింది. చావింట్లో నవ్వడం చూసి చాచీ విస్తుపోయింది. చాచీకి తెలుగు అంతంతమాత్రం. రాత్రి అన్నాల దగ్గర చాచా ఆ రోజు వచ్చినవాళ్ళ మాటలన్నీ ఉర్దూలో చెప్పేవాడు. కొడుకు బతుకు ఇంట్లోకి తెలుగులో వచ్చి ఉర్దూలోకి మారేది. సొంత బిడ్డను తర్జుమాలో తెలుసుకోవడం ఎలా ఉంటుందో రెండు భాషల మధ్య పుట్టిన మాకు కొంచెం అర్థమవుతుంది.

ఒక బాకీ దగ్గర చిక్కొచ్చింది. ఒక దోస్తు వచ్చి నాలుగు వేలన్నాడు. దేనికని చాచా అడిగితే చాలాసేపు నీళ్ళు నమిలాడు. క్రికెట్ మీద పందెం. జూదం బాకీ షరీయతులో బాకీ కాదు కదా అని మేమన్నాం. ఇమామ్ సాబు దగ్గరికి వెళితే ఆయన మొత్తం విని, పందెం సొమ్ము బాకీ కాదు, కానీ ఈ పిల్లవాడు తన జేబులోంచి కట్టి ఉంటే అది అప్పే అన్నాడు. చాచా కట్టాడు. ఆ రాత్రి చాచీకి చెప్పలేదు.

చెప్పకపోవడం తప్పా? పోయినవాళ్ళ మంచి మాత్రమే చెప్పుకోమని మా పెద్దలు అంటారు. అల్లా పేర్లలో సత్తార్ ఒకటి, తప్పుల్ని కప్పేవాడు. అలా కప్పుకుంటూ పోతే చివరికి వలీ మిగులుతాడు గాని కొడుకు మిగలడని మా భయం. కానీ చాచా చేసింది వేరని మేమనుకుంటాం. ఆయన ఆ సంగతిని కొట్టెయ్యలేదు. తెలుసుకున్నాడు, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు, తనలో పెట్టుకున్నాడు. ఒక్కణ్ణే మోయడానికి సిద్ధపడినవాడు ఇంకొకరికి చెప్పకపోతే దాన్ని అబద్ధమనలేం. చాచీ 2017లో పోయింది. ఇప్పుడు చాచా అనుమతితోనే ఇది రాస్తున్నాం, పేర్లూ ఊరూ లేకుండా.

వాడిది ఒక నోటు పుస్తకం ఉంది, షాపు యజమాని తెచ్చిచ్చాడు. దరఖాస్తుల లెక్కలు. పేర్లు తెలుగులో, అంకెలు ఇంగ్లీషులో. ఇచ్చినవాళ్ళ పేరు మీద గీత ఉంది. గీత లేని పేర్లు నలభైకి పైనే. షరీయతు ప్రకారం ఆ సొమ్ము వారసులది, చాచా అడగొచ్చు. అడగలేదు. చాచాకి తెలుగు చదవడం రాదు. మేం ఊరెళ్ళినప్పుడల్లా ఆ పుస్తకం తీసి చదవమంటాడు. ఒక్కో పేరు చదువుతుంటే, ఈమె ఫలానా గల్లీ, ఈయన పోయాడు, ఈ పిల్లకు పెళ్ళయింది అంటాడు. రెండు మూడు పేర్లు ఎవరివో ఆయనకూ తెలియదు. వాటి దగ్గర ఆపి, ఇంకోసారి చదవమంటాడు.